రాయి పలికే తీరు, లెక్క వినే తీరు



సంతలో కుండ కొనేటప్పుడు ఏం చేస్తాం? చేతిలోకి తీసుకుని వేలి కణుపుతో ఒక్క దెబ్బ కొడతాం. ఖంగుమంటే బేరం మొదలుపెడతాం. బొంగురుగా పలికితే పక్కన పెట్టేస్తాం. నెర్రె ఎక్కడుందో కంటికి కనపడదు. చెవి మాత్రం పట్టేస్తుంది.

చీమకుర్తిలో ఇదే పరీక్ష సుత్తితో జరుగుతుంది. ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డు మీద సుమారు 20 కిలోమీటర్లు వెళితే చీమకుర్తి. ఆ చుట్టుపక్కల, రామతీర్థం వైపు, నేల లోపల దొరికే నల్లరాయిని లోకం ‘బ్లాక్ గెలాక్సీ’ అంటోంది. నల్లని ఆకాశంలో చుక్కలు చల్లినట్టు, అందులో బంగారు రంగు మెరుపులు ఉంటాయి. అది బంగారం కాదు, బ్రాంజైట్ అనే ఖనిజం. అందరూ గ్రానైట్ అంటారు కానీ, భూగర్భ శాస్త్రజ్ఞుల లెక్కలో అది గాబ్రో, నోరైట్ జాతి రాయి. పేరు ఏదైతేనేం, కొనేవాడికి కావలసింది పగులు లేని బ్లాకు. అందుకే అనుభవజ్ఞుడైన రాతి పనివాడు బ్లాకు మీద సుత్తితో అక్కడో దెబ్బ, ఇక్కడో దెబ్బ వేసి తల పక్కకు వంచి వింటాడు. మంచి రాయి పలుకుతుంది. చెడ్డ రాయి మూలుగుతుంది.

ఆ పనివాడి చెవి చేస్తున్న పనిని ఒక యంత్రం చేత చేయించాలంటే ఏం కావాలి? ఈ రోజు నా ప్రసంగం దాని గురించే. అదే యంత్రం క్వారీ పేలుడుకు మీ ఇంటి గోడ ఎలా కదిలిందో కూడా చెబుతుంది. దాని మాట ఎప్పుడు నమ్మాలి, ఎప్పుడు నమ్మకూడదు అన్నది చివరికి చూద్దాం.

ముందు రాయి దగ్గర నుంచే మొదలుపెడదాం. సుత్తి దెబ్బ తగలగానే ఒక అల రాయిలోకి దూసుకుపోతుంది. అవతలి ముఖాన్ని తాకి వెనక్కి వస్తుంది. మళ్లీ వెళుతుంది, మళ్లీ వస్తుంది. గట్టి నల్లరాయిలో ఆ అల వేగం సెకనుకు దాదాపు 6,000 మీటర్లు అనుకుందాం. బ్లాకు మందం ఒక మీటరు. రానూ పోనూ రెండు మీటర్లు. అంటే సెకనుకు 3,000 సార్లు అల వచ్చి ఈ ముఖాన్ని తడుతుంది. ఇప్పుడు సరిగ్గా సగం లోతులో, అర మీటరు దగ్గర, ఒక పగులు అడ్డంగా ఉందనుకోండి. అల అక్కడి నుంచే తిరిగి వచ్చేస్తుంది. దారి సగమైంది కాబట్టి సెకనుకు 6,000 సార్లు తడుతుంది. ఎన్నిసార్లు తట్టిందో లెక్క తెలిస్తే పగులు ఎంత లోతులో ఉందో రాయిని కోయకుండానే చెప్పవచ్చు. ఈ పద్ధతికి ఇంపాక్ట్ ఎకో అని పేరు. 1980లలో అమెరికాలో మేరీ శాన్సలోన్, నికొలస్ కరీనో దీన్ని కాంక్రీటు కోసం తీర్చిదిద్దారు.

సెకనుకు ఎన్నిసార్లు అన్న ఆ లెక్కనే పాఠ్యపుస్తకాలు పౌనఃపున్యం అంటాయి. వాడుకలో ఫ్రీక్వెన్సీ. దాని కొలత హెర్ట్జ్. సెకనుకు ఒకసారి అయితే ఒక హెర్ట్జ్, 3,000 సార్లయితే 3,000 హెర్ట్జ్. నాకు మాత్రం దాన్ని లయ అనాలనిపిస్తుంది. ఇంట్లో తిరుగుతున్న మోటారుకు ఒక లయ ఉంది, గోడకు ఒక లయ ఉంది, రాయికి ఒక లయ ఉంది. చిక్కేమిటంటే ఇవేవీ విడివిడిగా వినపడవు. అన్నీ కలగలిసి ఒకే అలగా వస్తాయి. ఆ కలగూరలో ఏ దినుసు ఎంత పడిందో తేల్చాలి.

యంత్రం అలను నేరుగా మింగలేదు. దానికి అంకెలు కావాలి. కాబట్టి క్రమం తప్పకుండా, సమానమైన ఎడంలో, అల ఎత్తు ఎంత ఉందో కొలిచి రాసుకుంటూ పోతుంది. దీన్నే శాంప్లింగ్ అంటారు, నమూనాలు తీయడం. ల్యాండ్‌లైన్ టెలిఫోను వ్యవస్థ మీ గొంతును సెకనుకు 8,000 సార్లు కొలుస్తుంది. పాటల సీడీ అయితే సెకనుకు 44,100 సార్లు. నడుమ ఉన్న అల ఏమైపోయిందని అడగకండి. దాన్ని ఎవరూ రాసుకోలేదు.

మరి నడుమ ఏమైనా జరిగి ఉంటే? ఇంట్లో ఒక ప్రయోగం ఊహించండి. గోడ గడియారంలో నిమిషాల ముల్లు ఉంది. దాన్ని 55 నిమిషాలకు ఒకసారి మాత్రమే చూడాలని నియమం పెట్టుకున్నారు. మొదటిసారి చూస్తే 12 మీద ఉంది. రెండోసారి 11 మీద. మూడోసారి 10 మీద. మీరు రాసుకున్న కాగితం చూసిన వాళ్లెవరైనా ముల్లు వెనక్కి తిరుగుతోందంటారు. అదీ నెమ్మదిగా, దాదాపు 11 గంటలకు ఒక చుట్టు చొప్పున. గడియారం తప్పు లేదు. మీ కళ్ల తప్పూ లేదు. చూడవలసినంత తరచుగా చూడకపోవడమే తప్పు.

ఇలా ఒక వేగమైన లయ నెమ్మదైన లయ వేషం వేసుకుని రావడాన్ని ఇంజనీర్లు ఏలియసింగ్ అంటారు. మారుపేరుతో తిరగడం అన్నమాట. అసలు దుర్మార్గం ఏమిటంటే, ఒకసారి అంకెలుగా మారాక ఆ వేషాన్ని పట్టుకునే మార్గం లేదు. కాగితం మీద ఉన్న అంకెలు అసలుకీ నకలుకీ ఒక్కలాగే సరిపోతాయి. కాబట్టి జాగ్రత్త ముందే తీసుకోవాలి. మీరు పట్టుకోదలచిన అత్యంత వేగమైన లయ సెకనుకు ఎన్నిసార్లో, దానికి రెట్టింపు కంటే ఎక్కువ సార్లు కొలవాలి. అంతకంటే వేగమైనవి లోపలికే రాకుండా కొలతకు ముందే ఒక వడపోత పెట్టాలి. ఆ టెలిఫోను ఈ సూత్రం మీదే నడుస్తోంది. గొంతులో 3,400 హెర్ట్జ్ దాకా ఉంచి, పైవాటిని వడకట్టి, సెకనుకు 8,000 సార్లు కొలుస్తుంది. ఈ సూత్రానికి 1928లో హ్యారీ నైక్విస్ట్ దారి వేశాడు. 1933లో రష్యాలో కోటెల్నికోవ్, 1949లో అమెరికాలో క్లాడ్ షానన్ దాన్ని సిద్ధాంతంగా నిలబెట్టారు.

సరే, అంకెలు చేతికి వచ్చాయి. వాటిలోంచి లయలను ఎలా ఏరాలి?

అట్లతద్దికి చెట్టుకు కట్టిన ఊయల గుర్తు చేసుకోండి. ఊయలకు తన సొంత లయ ఉంటుంది. ఆ లయకు సరిగ్గా కుదిరేలా చిన్నపిల్ల తోసినా, తోపు మీద తోపు కలిసి ఊయల కొమ్మలందుకుంటుంది. లయ తప్పి తోస్తే, ఒక తోపు ముందుకు పంపితే మరో తోపు ఎదురు తగులుతుంది. ఎంత బలవంతుడు తోసినా చివరికి మిగిలేది సున్నా. ఇప్పుడు ఒక్క ఊయల కాదు, వెయ్యి ఊయలలు వరుసగా కట్టి ఉన్నాయనుకోండి. ఒక్కోదానికి ఒక్కో లయ. మనం కొలిచిన అంకెల వరుసను అన్ని ఊయలలకూ తోపులుగా ఇస్తాం. ఏ ఊయల ఎంత ఎత్తు ఊగిందో చూస్తే, మన అలలో ఏ లయ ఎంత ఉందో తెలిసిపోతుంది. ఈ ఊయలల వరుస పేరే డిస్క్రీట్ ఫూరియే ట్రాన్స్‌ఫామ్. క్లుప్తంగా డీఎఫ్‌టీ.

జోసెఫ్ ఫూరియే ఫ్రాన్సు దేశస్థుడు. వేడి లోహంలో ఎలా పాకుతుందో తేల్చడానికి 1807లో ఒక పత్రం సమర్పించాడు, 1822లో గ్రంథం అచ్చువేశాడు. ఎంత వంకరటింకర అలనైనా సాదా అలల మొత్తంగా విడగొట్టవచ్చన్నది ఆయన మాట. ఆ రోజుల్లో మహామహులైన గణితజ్ఞులే నమ్మలేదు.

కాగితం, పెన్సిలు దగ్గరుంటే ఒక చిన్న లెక్క చేద్దాం. నాలుగే అంకెలు: మూడు, ఒకటి, మైనస్ ఒకటి, ఒకటి. రాసుకున్నారా? మొత్తం కూడితే నాలుగు. నాలుగు అంకెలకు సగటు ఒకటి. అంటే అల కింద ఒకటి ఎత్తున కదలని అరుగు ఉంది. దాన్ని ప్రతి అంకెలోంచీ తీసేయండి. మిగిలింది: రెండు, సున్నా, మైనస్ రెండు, సున్నా.

ఇప్పుడు మొదటి ఊయల. ఈ నాలుగు అంకెల కాలంలో ఒక్కసారి ఊగేది. దాని నమూనా: ఒకటి, సున్నా, మైనస్ ఒకటి, సున్నా. దేనికదే గుణించి కూడండి. రెండు ఒకట్లు రెండు. సున్నా. మైనస్ రెండును మైనస్ ఒకటితో గుణిస్తే మళ్లీ రెండు. సున్నా. మొత్తం నాలుగు. ఊయల బాగా ఊగింది. ఇక రెండో ఊయల, అదే కాలంలో రెండుసార్లు ఊగేది. దాని నమూనా: ఒకటి, మైనస్ ఒకటి, ఒకటి, మైనస్ ఒకటి. గుణించి కూడితే రెండు, సున్నా, మైనస్ రెండు, సున్నా. మొత్తం సున్నా. ఈ ఊయల కదల్లేదు. తీర్పు వచ్చేసింది: మన నాలుగు అంకెల్లో ఒక అరుగు, ఒక నెమ్మది లయ ఉన్నాయి. వేగం లయ లేదు. మీరు ఇప్పుడే డీఎఫ్‌టీ చేశారు. అసలు లెక్కలో ప్రతి లయకూ రెండు ఊయలలు కడతారు, శిఖరం దగ్గర మొదలయ్యేది ఒకటి, నడుమ నుంచి మొదలయ్యేది ఒకటి. అల ఎక్కడ మొదలైందో మనకు ముందుగా తెలియదు కదా, అందుకు.

నమూనాలు ఎంత తరచుగా తీయాలో చెప్పుకున్నాం. ఎంతసేపు తీయాలన్నది అంతే ముఖ్యం. రెండు ఊయలలు దాదాపు ఒకే లయలో ఊగుతుంటే, అవి వేరని తెలియడానికి కాసేపు చూస్తూ నిలబడాలి. ఒక సెకను పాటు రాసుకుంటే ఒక హెర్ట్జ్ తేడా తెలుస్తుంది. రెండు సెకన్లు రాసుకుంటే అర హెర్ట్జ్ తేడా తెలుస్తుంది. పావు సెకనులోనే ముగించేస్తే నాలుగు హెర్ట్జ్ లోపు తేడా ఏదీ తెలియదు. తరచుగా చూడటం వేగమైన లయలను పట్టిస్తుంది. ఎక్కువసేపు చూడటం దగ్గరి లయలను విడదీస్తుంది. ఒకదాని పని ఇంకొకటి చేయదు.

ఇంకో మెలిక ఉంది. డీఎఫ్‌టీ తనకిచ్చిన ముక్క చివరను మొదటితో కలిపి గుండ్రంగా కుట్టినట్టు భావిస్తుంది. చీరాల చీర అంచు ముక్క తీసుకుని రెండు కొసలూ కలిపి కుట్టండి. అంచు మీది బుటా సరిగ్గా ముగిసిన చోట కత్తిరించి ఉంటే కుట్టు కనపడదు. బుటా సగంలో కత్తిరిస్తే కుట్టు దగ్గర లేని మలుపు ఒకటి పుడుతుంది. లెక్క ఆ మలుపును కూడా అలలో భాగమే అనుకుని, ఒక్క లయలో ఉండాల్సిన బలాన్ని పక్క లయలకు చిందిస్తుంది. దీనికి మందు ఏమిటంటే, రెండు కొసల దగ్గరా అలను మెల్లగా సున్నాకు దించి అప్పుడు కలపడం. ఇలా దించే పద్ధతుల్లో బాగా వాడుకలో ఉన్నదానికి ఆస్ట్రియా వాతావరణ శాస్త్రజ్ఞుడు యూలియస్ హాన్ పేరు పెట్టారు.

ఇదంతా కాగితం మీద బాగానే ఉంది కానీ, లెక్క బరువు మాటేమిటి? సెకనుకు 1,024 నమూనాల చొప్పున రెండు సెకన్లు తీస్తే 2,048 అంకెలు. ప్రతి అంకెనూ ప్రతి ఊయలతో గుణించాలంటే దాదాపు 42 లక్షల గుణకారాలు. ఇక్కడే 1965లో ఒక మలుపు వచ్చింది. జేమ్స్ కూలీ, జాన్ ట్యూకీ అనే ఇద్దరు ఒక ఉపాయం ప్రకటించారు. అంకెలను సరి స్థానాలవి, బేసి స్థానాలవి అని రెండు వరుసలుగా విడగొట్టు. ఒక్కో వరుసనూ మళ్లీ సరి, బేసి అని విడగొట్టు. 2,048ని పదకొండుసార్లు సగం చేస్తే ఒకటి మిగులుతుంది. అప్పుడు పని సుమారు 2,048ని 11తో గుణించినంత, అంటే 22,528 మెట్లకు దిగుతుంది. 42 లక్షలెక్కడ, 22 వేలెక్కడ! దీన్నే ఫాస్ట్ ఫూరియే ట్రాన్స్‌ఫామ్, ఎఫ్‌ఎఫ్‌టీ అంటారు. జర్మనీ గణితజ్ఞుడు గౌస్ 1805లోనే ఈ ఉపాయాన్ని తన కాగితాల్లో రాసుకున్నాడనీ, అది ఎవరికీ పట్టకుండా ఉండిపోయిందనీ తర్వాత బయటపడింది.

ఆ ఉపాయం కావాలని తొందరపెట్టింది ఏమిటనుకున్నారు? పేలుళ్ల లెక్కే. 1963లో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ శాస్త్ర సలహా సంఘం సమావేశంలో ట్యూకీ ఫూరియే లెక్కలు గీసుకుంటుంటే రిచర్డ్ గార్విన్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు చూశాడు. అప్పటి తలనొప్పి సోవియట్ యూనియన్ భూమి లోపల అణుబాంబు పేలిస్తే దూరం నుంచి ఎలా కనిపెట్టాలన్నది. భూమి కదిలింది భూకంపానికా, బాంబుకా? రెండింటి లయల పొందిక వేరు. కానీ అన్ని కేంద్రాల నుంచి వచ్చే కదలికల లెక్కలు చేయడానికి అప్పటి కంప్యూటర్లకు శక్తి చాలదు. గార్విన్ ఐబీఎంలో ఉన్న కూలీ వెంటపడి ప్రోగ్రాము రాయించాడు. అసలు అవసరం చెప్పకుండా, అది హీలియం స్ఫటికాల లెక్క కోసమని చెప్పాడట. ఆ దశాబ్దం నడుమనే మన హిందూపురానికి దగ్గర్లో, కర్ణాటక గౌరీబిదనూరులో, మన అణుశక్తి శాఖ కూడా భూమి కదలికలను వినే పరికరాల వరుస ఒకటి నెలకొల్పింది.  

ఆ లెక్కే ఇప్పుడు చీమకుర్తి గడప దాకా వచ్చింది. క్వారీలో అమ్మే రాయిని గట్టి పేలుడుతో తీయరు, తీస్తే బ్లాకంతా పగుళ్లే. వజ్రపు పూసలు గుచ్చిన తీగతో కోస్తారు. అయితే మంచి రాయి మీద కప్పినట్టున్న పనికిరాని రాతిని తొలగించడానికి పేలుళ్లు వాడతారు. పేలుడు జరిగితే ఊళ్లో ఏమవుతుంది? ముందు కాళ్ల కింద నేల సన్నగా వణుకుతుంది. ఆ తర్వాత ఢామ్మని శబ్దం, కిటికీ రెక్కల గలగల. నేలలో అల సెకనుకు కిలోమీటర్ల వేగంతో వస్తుంది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే నడుస్తుంది. కిలోమీటరు దూరంలో ఉన్న ఇంటికి వణుకు వచ్చాక, శబ్దం రావడానికి దాదాపు మూడు సెకన్లు పడుతుంది. మనం భయపడేది శబ్దానికి. గోడ పునాదిని కదిలించేది మాత్రం దానికి ముందే వచ్చి వెళ్లిపోయిన వణుకు.

ఆ వణుకులో కూడా ఎంత బలం అన్నది సగం కథే. ఎంత లయ అన్నది మిగతా సగం. ఒకటి రెండు అంతస్తుల ఇళ్ల సొంత లయ సుమారు 4 నుంచి 12 హెర్ట్జ్ మధ్య ఉంటుందని అమెరికా గనుల బ్యూరో 1980 నివేదిక తేల్చింది. మన చెవికి 20 హెర్ట్జ్ కంటే తక్కువ వినపడదు. అంటే ఇంటిని ఊయలలా ఊపగల లయలు మనకు వినపడని లయలే. అందుకే మన గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ 1997లో ఇచ్చిన 7వ నంబరు సర్క్యులర్ పరిమితిని లయతో ముడిపెట్టింది. గని యజమానివి కాని మామూలు ఇళ్ల దగ్గర నేల కదలిక వేగం ఇలా ఉండాలి. లయ 8 హెర్ట్జ్ కంటే తక్కువైతే సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటకూడదు. 8 నుంచి 25 హెర్ట్జ్ వరకు అయితే 10. 25 దాటితే 15. పాత గుళ్లలాంటి చారిత్రక కట్టడాలకైతే ఇంకా తక్కువ, వరుసగా 2, 5, 10.

ఈ మూడు పరిమితుల మధ్య ఎక్కడున్నామో చెప్పేది డీఎఫ్‌టీ. ఇంటి దగ్గర నేలలో పాతిన పరికరం మూడు దిక్కుల కదలికనూ సెకనుకు వెయ్యిసార్లకు పైగా కొలిచి, బలం ఎంతో, ప్రధానమైన లయ ఏదో చెబుతుంది. లెక్క తెలిసిన ఇంజనీరు దాన్ని చూసి పేలుడునే మార్చగలడు. రంధ్రాలను ఒకదాని తర్వాత ఒకటి పేలుస్తారు కదా, వాటి నడుమ ఎడం 25 మిల్లీసెకన్లయితే సెకనుకు 40 తోపులు. ఎడం 100 మిల్లీసెకన్లయితే సెకనుకు పదే తోపులు, అంటే సరిగ్గా ఇంటి ఊయల లయ. దూరం పెరిగే కొద్దీ వేగమైన లయలు నేలలో ఇంకిపోతాయి, నెమ్మది లయలు మిగులుతాయి. అందుకని క్వారీ అంచున తీసిన కొలత ఊరి మధ్య ఇంటికి చెల్లదు.

ఇక్కడే పొరపాటుకు తావుంది. ఈ మధ్య మొబైల్ ఫోనును నేల మీద పెట్టి, యాప్‌లో గీతలు చూసి తగువులాడుకుంటున్నారు. ఒక ఫోను సెకనుకు 50 సార్లే కదలికను చదువుతోందనీ, సరైన వడపోత లేదనీ అనుకుందాం. నిజంగా వచ్చిన వణుకు లయ 45 హెర్ట్జ్, బలం సెకనుకు 9 మిల్లీమీటర్లు. పరిమితి 15 కాబట్టి నిబంధన ప్రకారం అది హద్దులోనే ఉంది. కానీ 50లోంచి 45 పోతే 5. ఫోను దాన్ని 5 హెర్ట్జ్‌గా చూపిస్తుంది. 5 హెర్ట్జ్ దగ్గర పరిమితి 5 మిల్లీమీటర్లే. హద్దులో ఉన్నది హద్దు దాటినట్టు కనపడింది. నిమిషాల ముల్లు వెనక్కి తిరిగినట్టే.

తప్పు రెండో వైపు కూడా జరుగుతుంది. కొలత పావు సెకనుకే ఆగిపోతే 6 హెర్ట్జ్‌కూ 9 హెర్ట్జ్‌కూ తేడా తెలియదు. పరిమితి మారేది 8 దగ్గర. 6 హెర్ట్జ్ వణుకును 9 అని రాసేస్తే ఇంటివాడికి అన్యాయం. అంత నెమ్మది లయలను పరికరమే పట్టలేకపోతే, అసలు వణుకే లేదని కాగితం చెబుతుంది. ఇంకోటి కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. మన ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. పేలుడు వినపడని ఊళ్లలో కూడా రేగడి మీద కట్టిన గోడలు బీటలు వారతాయి. ప్రతి బీటకూ క్వారీయే కారణం కాదు, ప్రతి బీటకూ రేగడే సాకు కాకూడదు. పేలుళ్లు మొదలవక ముందే గోడల ఫొటోలు తీసి తేదీ వేసి ఉంచుకుంటే సగం తగువు తీరుతుంది.

ఫొటో అన్నాను కాబట్టి ఒక తెలుగు పేరు చెప్పాలి. కామిశెట్టి రామమోహనరావు. మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, అమెరికా వెళ్లి, టెక్సస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్‌లో దశాబ్దాల పాటు పాఠం చెప్పారు. 1974 జనవరిలో నసీర్ అహ్మద్, నటరాజన్‌లతో కలిసి డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్ అనే పద్ధతిని ప్రకటించారు. అది డీఎఫ్‌టీకి తోబుట్టువు. కొసలు కుట్టే చోట లేని మలుపు పుడుతుందని చెప్పుకున్నాం కదా, ఇది అలను అద్దంలో తిప్పినట్టు తిరగేసి జోడించి ఆ ఎగుడుదిగుడు రాకుండా చూసుకుంటుంది. మీ ఫోనులోని జేపెగ్ ఫొటో ప్రతి 8 వరుసల, 8 నిలువుల గడినీ ఈ లెక్కతో 64 లయలుగా విడగొట్టి, కంటికి పెద్దగా ఆనని వేగమైన లయలను పలచన చేసి దాచుకుంటుంది. చీమకుర్తి నుంచి చైనా కొనుగోలుదారుకు పంపే స్లాబు ఫొటో వెళ్లేది ఇలాగే. ఇందులో ఒక తమాషా ఉంది. గెలాక్సీలోని బంగారు చుక్కలు సన్నవి, చటుక్కున మారేవి. అంటే వేగమైన లయలు. ఫొటోను మరీ కుదిస్తే ముందు మసకబారేది ఆ మెరుపే. దూరదేశపు వ్యాపారి ఫొటో చూసి కూడా రాతి ముక్క పంపమని అడగడం ఉత్త అనుమానం కాదన్నమాట.

శ్రోతలారా, బ్లాకు మీద సుత్తి వేసి వినే పనివాడి చెవికి ఇవన్నీ ఎవరూ నేర్పలేదు. మన లోపలి చెవిలోని పొర ఒక్కో చోట ఒక్కో లయకు స్పందిస్తుంది. పుట్టుకతో వచ్చిన ఊయలల వరుస అది. యంత్రానికి ఆ పుట్టుక లేదు. దానికి ఎంత తరచుగా వినాలో, ఎంతసేపు వినాలో మనం చెప్పాలి. చెప్పకపోతే అది అబద్ధాన్ని కూడా చక్కని గీతల్లో గీసి చూపిస్తుంది.

కాబట్టి ఒక విన్నపం. రేపు మీ ఊళ్లో పేలుడు కొలత కాగితం ఎవరైనా తెచ్చి చూపిస్తే, అది క్వారీ వాళ్లు తెచ్చినా, ఊరివాళ్లు తెచ్చినా, చివరన ఉన్న ఒక్క అంకె చూసి సంతోషపడకండి, కోపపడకండి. నాలుగు ప్రశ్నలు అడగండి. పరికరం ఎవరి ఇంటి దగ్గర, నేలలో గట్టిగా పాతి పెట్టారా? సెకనుకు ఎన్ని నమూనాలు తీసింది? ఎంతసేపు తీసింది? బలం పక్కన లయ ఎంతో రాశారా? ఈ నాలుగింటికీ జవాబున్న కాగితం మీద మాట్లాడుకోవచ్చు. జవాబు లేని కాగితాన్ని బొంగురుగా పలికిన కుండలా పక్కన పెట్టండి.